బండి వెనక లిఫ్ట్

మా ఆయనకి చెయ్యి ఊరుకోదు. అత్తయ్యతో కలిసి ముగ్గురం హాయిగా తిరుగుదామని, లోపలే వంటా పడకా ఉండే పాత మోటార్ హోమ్ ఒకటి కొన్నాం. తిరిగింది తక్కువ, విప్పి బిగించింది ఎక్కువ. వంటగట్టు ఇటునుంచి అటు మార్చాడు. నీళ్ళ ట్యాంకు చాలదని రెండోది పెట్టాడు. ఇల్లు పీకి పందిరెయ్యడం అంటే ఏమిటో ఆ బండిలోనే చూశాను.

అన్నిటినీ మించింది లిఫ్ట్. అత్తయ్య తుంటి విరిగి చక్రాల కుర్చీకి పరిమితమైతే, ఆవిడ కుర్చీతో సహా ఎక్కేలా ఇనుప లిఫ్ట్ ఒకటి తనే తయారుచేసి బండి వెనక అతికించాడు. వెనక చక్రాలు దాటి బారెడు బయటికి వేలాడుతుంది. "వెనక అంత బరువు పెడితే ముందు చక్రాలు తేలిపోవూ? స్టీరింగ్ మీ మాట వింటుందా?" అని నెత్తీ నోరూ కొట్టుకున్నాను. "నీకు తెలీదు, ఊరుకో" అన్నాడు. రోజూ స్కూలు బస్సు నడిపేదాన్ని, నాకు తెలీదట!

మొన్న ఎత్తెక్కుతుండగా గేర్‌బాక్స్ చేతులెత్తేసింది. బండి రోడ్డు పక్కన ఆగిపోయింది. అత్తయ్య లోపల కుర్చీలోనే ఉంది. టోయింగ్ లారీని పిలిచాం. డ్రైవర్ వచ్చి బండి చుట్టూ ఒకసారి తిరిగి, వెనక గొంతుక్కూర్చుని చూసి, పెదవి విరిచాడు.

"ముందు వైపు ఎత్తి లాగాలి సార్. ముందు ఎత్తితే వెనక దిగుతుంది. ఈ ఇనుము రోడ్డుకి రాసుకుంటుంది. ఓ గుంట గట్టిగా తగిలిందంటే వెనక గోడే ఊడొచ్చేస్తుంది."

"అయితే బండిని మొత్తంగా లారీ మీదికే ఎక్కించండి."

"ఎక్కిస్తే ఎత్తు ఎక్కువై దారిలో ఉన్న వంతెన కింద పట్టదు. లిఫ్ట్ విప్పెయ్యండి."

విప్పడానికి బోల్టులుంటేగా! వెల్డింగ్ చేశాడు మహానుభావుడు. కోసెయ్యాల్సిందే.

మా ఆయన ఒంటికాలి మీద లేచాడు. "కోసేస్తే రేపట్నుంచి మా అమ్మ ఎక్కేదెలా? ఆవిణ్ణి ఇంట్లో పడేసి మేం ఊళ్ళు తిరగాలా?"

"ఆవిడ ఇప్పుడు లోపలున్నారా?" డ్రైవర్ కంగారుపడ్డాడు. "లాగేటప్పుడు లోపల మనిషి ఉండకూడదు సార్. గొలుసు తెగితే బ్రేకు వేసేదెవరు? ముందు ఆవిణ్ణి దింపండి."

"దింపను. కొయ్యనివ్వను."

నాకేమో లోపల ఉడికిపోతోంది. ఎందుకంటే అత్తయ్య నడుస్తుంది. ఆ సంగతి ఆయనకి తెలీదు. ఆయన లేనప్పుడు నా భుజం పట్టుకుని ముందు తలుపు మెట్లు దిగుతుంది, నాలుగడుగులు వేస్తుంది, ఆయన వచ్చే వేళకి బుద్ధిగా కుర్చీలో ఉంటుంది. పైగా లిఫ్ట్ కదిలినప్పుడల్లా భయంతో కళ్ళు మూసుకుంటుంది. చెప్పెయ్యండి అంటే నా చేతే ఒట్టు వేయించుకుంది. కొడుకు కష్టపడి చేశాడు, నొచ్చుకుంటాడని కాబోలు అనుకున్నాను. తల్లికీ కొడుక్కీ మధ్య నోరు కుట్టేసుకుని బతకడం ఎంత కష్టమో నన్నడగండి.

మా ఆయనకీ డ్రైవర్‌కీ వాదన తెగదు. వెనకొచ్చే కార్లు హారన్లు మోగిస్తున్నాయి. నా ఓపిక అయిపోయింది.

"అత్తయ్యా! మీరు చెబుతారా, నన్ను చెప్పెయ్యమంటారా?" అని కిటికీ వైపు గట్టిగా అరిచాను.

ముందు తలుపు తెరుచుకుంది. అత్తయ్య తలుపు అంచు పట్టుకుని ఒక మెట్టు దిగింది. ఆగింది. రెండోది దిగి రోడ్డు మీద నిలబడింది.

"అమ్మా, పడతావ్!" అని పరిగెత్తిన మనిషి సగం దూరంలో ఆగిపోయాడు.

"పడనులేరా. ఆ ఇనుము కోయించెయ్."

"ఎప్పట్నుంచి నడుస్తున్నావు?"

"వానలు మొదలవక ముందునుంచీ."

"నేను లిఫ్ట్ మొదలెట్టింది వానల్లోనేగా!" ఆయన మొహం ఎర్రబడింది. "ఒక్క మాట చెబితే ఏం పోయింది? చేతులు కాల్చుకుని చేశానమ్మా!"

"చెబుదామనే అనుకున్నాను. ఆవేళ నువ్వు టేపు పట్టుకొచ్చి నా పక్కన కూర్చున్నావు. కుర్చీ కొలిచావు, నా కాళ్ళు కొలిచావు, ఇంత ఎత్తు చాలా అమ్మా అని అడిగావు. మర్నాడూ వచ్చావు. నడుస్తున్నానని చెబితే మళ్ళీ వచ్చేవాడివట్రా?"

నాకు ఏడుపొచ్చింది. నలుగురిలో ఏడుపొచ్చినందుకు మళ్ళీ కోపమొచ్చింది.

డ్రైవర్ చిన్నగా దగ్గాడు. "కొయ్యమంటారా సార్?"

"కోసెయ్."

బండిలోని వంట గ్యాస్ సిలిండర్ తీసి దూరంగా పెట్టించి, లిఫ్ట్ కోసి పక్కన పడేశాడు. బండి కిందికి దూరి, వెనక చక్రాలతో పాటు గేర్‌బాక్స్ తిరగకుండా షాఫ్ట్ విప్పాడు. ముందు భాగం ఎత్తి, గొలుసులు రెండూ కత్తెరలా వేసి బిగించాడు. మామూలుగా అయితే మా ఆయన పక్కనే నిలబడి ప్రతి దానికీ వంకలు పెట్టేవాడు. ఈసారి అమ్మని లారీ కాబిన్ ఎక్కించి తనూ ఎక్కి కూర్చున్నాడు. చివర్న అద్దం పక్కన నేనూ ఇరుక్కున్నాను.

అమ్మ కాళ్ళ వైపు చూశాడు.

"కాళ్ళు నొప్పెడుతున్నాయా?"

"లేదు."

"ఇంకేమిటమ్మా సంగతులు?" అన్నాడు, ఎప్పుడో కలిసిన దూరపు చుట్టాన్ని అడిగినట్టు.

అత్తయ్య మొదలెట్టింది. మోకాళ్ళ దగ్గర్నుంచి పక్కింటి వాళ్ళ కుక్క దాకా ఆపకుండా చెబుతూనే ఉంది. ఆయన మెడ తిప్పకుండా వింటున్నాడు. అద్దంలో బండిని చూసుకునే పని నాకొచ్చిపడింది.