తెనాలి వచ్చేలోగా

నేను ఒక నల్లని పేరుబిళ్ళను. అరచేతిలో సగం కూడా ఉండను. నా ముఖం మీద తెల్లటి అక్షరాలు, వీపుకి ఒక సన్నటి అయస్కాంతం. పిన్నుతో గుచ్చే పని లేదు. అయస్కాంతాన్ని బట్ట లోపల పెట్టి, నన్ను బట్ట పైన ఆనిస్తే చాలు, అతుక్కుంటాను. నన్ను కోసి, అక్షరాలు చెక్కిన యంత్రానికి పట్టిన సమయం అయిదు నిమిషాలు. ఆ తర్వాత ఒక అట్టపెట్టెలో చాలా దూరం ప్రయాణించి, ఇరవై ఒక్క ఏళ్ళ కెజియా చేతికి చేరాను.

నా మీద ‘సిస్టర్ పులిదిండి’ అని ఉంటుంది. కింద ఆమె సంఘం పేరు. బయటివాళ్ళు ఆ సంఘస్థుల్ని మోర్మన్లు అంటారు. పులిదిండి ఆమె ఇంటిపేరు. ఇంటింటికీ తిరిగి సువార్త చెప్పే ఈ సేవకు వచ్చిన పద్దెనిమిది నెలలూ కెజియా అని ఎవరూ పిలవరు. తోటి సిస్టర్లలో చాలామందికి ఆ పేరే తెలియదు. మనుషులు తమ పేరును ఇంట్లో వదిలిపెట్టి నన్ను తగిలించుకుంటారు, ఆ తర్వాత నన్ను చూసి ఒకరినొకరు గుర్తుపడతారు. నాకైతే ఇది వింతగానే ఉండేది.

నా చోటు ఆమె ఎడమ భుజానికి కొంచెం కింద. అందువల్ల ఆమె భయం ఆమె ముఖంలో కనబడకముందే నాకు తెలిసిపోయేది. గుండె ముందు ఒక్కసారి ఆగినట్టయి, తర్వాత గబగబా కొట్టుకునేది. విశాఖపట్నంలో ఉన్న అయిదు నెలల్లో అలా రోజూ జరిగేది. కొత్త ఇంటి గడప ముందు, బస్సులో ఎవరైనా నన్ను చదువుతున్నప్పుడు. అయినా గడిచిపోయిందంటే పక్కన సిస్టర్ తాడి ఉండడం వల్లే. కాకినాడ పిల్ల. ఎవరితోనైనా మాట కలిపేది. వీళ్ళకొక కట్టడి ఉంది. సేవలో ఉన్నంత కాలం ఎవరూ ఒంటరిగా ఉండకూడదు, ఒకరి కంటికి ఒకరు కనబడుతూ ఉండాలి. మాటలన్నీ తాడివి. పక్కన నిలబడడం కెజియాది.

ఆరు వారాలకొకసారి బదిలీల ఫోను వస్తుంది. ఆ శనివారం వచ్చినప్పుడు కెజియాకి కోయంబత్తూరు అన్నారు. తాడికి విజయవాడ.

“నాకు ఒక్క ముక్క అరవం రాదు,” అంది కెజియా.

“తెలుగులో మాత్రం తెగ మాట్లాడేశావా తల్లీ, అక్కడ మాట్లాడకపోవడానికి?” అని నవ్వింది తాడి. కెజియా కూడా నవ్వింది. లోపల గుండె మాత్రం నవ్వలేదు.

ప్రయాణం ఇలా ఏర్పాటు చేశారు. ఇద్దరూ కలిసి విజయవాడ దాకా వస్తారు. అక్కడ తాడి దిగుతుంది. అదే రైల్లో సిస్టర్ దేవసహాయం అనే తమిళ అమ్మాయి ఎక్కి, కెజియాతో కోయంబత్తూరు దాకా వస్తుంది. కెజియా, ఆమె ఒకరినొకరు ఎప్పుడూ చూడలేదు. టికెట్లు వేరువేరుగా తీశారు. ఫోను ఊరికొకటి, మనిషికి కాదు, అందుకని విశాఖపట్నం ఫోను విశాఖపట్నంలోనే ఉండిపోయింది. ఇక గుర్తుపట్టడానికి నేనొక్కదాన్నే ఆధారం.

తుని దాటాక ఎదురు సీటులోని తెల్లచొక్కా పెద్దాయన నన్ను బిగ్గరగా చదివాడు. చదివి, “ఎక్కడికమ్మా, ఎవర్ని మార్చడానికి?” అన్నాడు.

పై బెర్తు కుర్రాళ్ళు నవ్వారు. ఒకడు ఫోను పైకెత్తి ఫొటో తీశాడు.

“ముందు మా సిస్టర్ని మార్చాలండి, పొద్దున్నించీ ఏమీ తిననంటోంది,” అంది తాడి. పెద్దాయన కూడా నవ్వేశాడు. అక్కడితో అయిపోవలసింది. కానీ ఆ ఫొటో కెజియాని వదల్లేదు. ఎవరు చూస్తారు, ఎవరికి పంపుతారు, ఏ స్టేషనులో ఎవరు కాచుకుని ఉంటారు? ఏలూరు దాటాక చేతులు కడుక్కునే చోటుకి వెళ్ళి, నన్ను తీసి చేతిసంచిలో వేసింది. చున్నీని భుజం నిండా కప్పుకుంది.

అంత చీకటి నేను అట్టపెట్టెలో తప్ప ఎప్పుడూ చూడలేదు. ఒక పక్క దువ్వెన, ఒక పక్క ఉసిరికాయ ముక్కల పొట్లం. అయస్కాంతం ఇంటి తాళంచెవిని గట్టిగా పట్టేసుకుంది. భయపడినవాళ్ళు దొరికిన దాన్ని ఎలా పట్టుకుంటారో అలాగే.

విజయవాడలో రద్దీ. తాడి పెట్టెతో దిగి, కిటికీ దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. “దేవసహాయం ముందు బోగీ ఎక్కేసిందంట, ఇక్కడి సిస్టర్లు చెప్పారు. నడుచుకుంటా వచ్చేస్తది. బిళ్ళ కనబడేలా పెట్టుకో, విన్నావా?”

“సరే,” అంది కెజియా. రైలు కదిలింది.

ఆమె నన్ను బయటికి తియ్యలేదు. సంచిని గుండెకు అదుముకుని కూర్చుంది. కృష్ణా నది వంతెన మీద రైలు చప్పుడు మారినప్పుడు, సంచి జిప్పు సందులోంచి ఒక అమ్మాయిని చూశాను. ఆకుపచ్చ కుర్తా, దాని మీద నాలాంటి నల్లబిళ్ళ. ప్రతి సీటు దగ్గరా ఆగి, ఆడవాళ్ళ భుజాల వైపు చూస్తూ వస్తోంది. “సిస్టర్? సిస్టర్?” అని మెల్లగా అంటోంది.

మా దగ్గరా ఆగింది. ఎదురు సీటు పెద్దాయన కునుకు తీస్తున్నాడు. కుర్రాడు మళ్ళీ ఫోను ఎత్తాడు. కెజియా గుండె ఆగినట్టయింది. చెయ్యి ఎత్తితే చాలు. కళ్ళతో చూసినా చాలు. ఆమె కళ్ళు మూసుకుంది.

ఆకుపచ్చ కుర్తా ముందుకి వెళ్ళిపోయింది. నాకు నోరు లేదని అంతగా ఎప్పుడూ అనిపించలేదు. కాసేపటికి ఆ అమ్మాయి అటునుంచి తిరిగి వచ్చింది. ఈసారి ఆగలేదు, పిలవలేదు. కెజియా కళ్ళు తెరవలేదు.

కొంతసేపటికి పెద్దాయన నీళ్ళు పట్టుకుని వచ్చాడు. కెజియాతో కాస్త తగ్గు గొంతుతో, “ఏమ్మా, నీ బిళ్ళ లాంటిదే పెట్టుకున్న పిల్ల తలుపుకాడ నిలబడి ఏడుస్తంది. తెనాల్లో దిగిపోయేట్టుంది. మీ పిల్లేనా?” అన్నాడు.

దిగిపోతే ఆ అమ్మాయి తెలియని ఊళ్ళో ఒంటరిగా ఉంటుంది. రైల్లో కెజియా ఒంటరిగా ఉంటుంది. ఈ లెక్క కెజియాకి ఒక్క క్షణంలో తెలిసిందని ఆమె వేళ్ళు చెప్పాయి. సంచిలోకి వచ్చిన చెయ్యి చల్లగా ఉంది. నన్ను తాళంచెవి నుంచి లాగింది. తొందరలో తలకిందులుగా తగిలించింది. ఆ కుర్రాడు చూస్తున్నాడు. చూడనీ అన్నట్టు చున్నీ వెనక్కి తోసి లేచింది.

రైలు నెమ్మదిస్తోంది. తలుపు దగ్గర దేవసహాయం పెట్టె పట్టుకుని ఒక కాలు మెట్టు వైపు వేసి ఉంది.

“సిస్టర్,” అంది కెజియా. అంత గట్టిగా ఆమె మాట్లాడగా నేను వినడం అదే మొదలు.

ఆ అమ్మాయి తిరిగి నన్ను చూసింది. చదవడానికి తల పక్కకి వంచింది. “పులిదిండి?” అంది. ఏడుపులోనే నవ్వొచ్చింది. “రెండుసార్లు వచ్చాను. నువ్వు లేవు. రైలు మిస్ అయింది అనుకున్నా. ఒంటరిగా ఎప్పుడూ లేను సిస్టర్, చాలా భయం.”

కెజియా దగ్గరికి వెళ్ళింది. పెట్టెకి రెండో పక్క చెయ్యి వేసి పట్టుకుంది. తెనాలిలో ఇద్దరిలో ఎవరూ దిగలేదు.

కోయంబత్తూరులో వాళ్ళిద్దరూ ఆరు వారాలు కలిసి ఉన్నారు. కెజియా తడబడుతూ తమిళం నేర్చుకుంది. తలుపు తెరిచిన వాళ్ళతో ముందు తానే మాట్లాడేది. రైల్లో కళ్ళు మూసుకున్న సంగతి మాత్రం చెప్పలేదు. రాత్రి ప్రార్థనలో రెండుమూడుసార్లు ఆ మాట గొంతు దాకా రావడం నాకు తెలిసింది. దేవసహాయం వేరే ఊరికి బదిలీ అయిన రోజున కూడా ఆ మాట బయటికి రాలేదు.

పన్నెండేళ్ళయింది. ఇప్పుడు కెజియా బట్టలు కుడుతుంది. నేను కుట్టుమిషను సొరుగులో, బాబిన్ల మధ్య, నా అయస్కాంతంతోపాటు ఉంటాను. నా అక్షరాల్లో తెలుపు సగం పోయింది. పని మధ్యలో సూది జారి కిందపడితే నన్ను తీస్తుంది. నేల మీద, గుడ్డముక్కల కింద, మెల్లగా తిప్పుతుంది. ఆ సమయంలో ఆమె ఊపిరి బిగబట్టి ఉంటుంది. సూది టక్కున నాకు అతుక్కుంటుంది. దాన్ని తీసి మళ్ళీ పనిలో పడుతుంది గానీ, నన్ను వెంటనే సొరుగులో పెట్టదు. కాసేపు చేతిలోనే ఉంచుకుంటుంది. చెయ్యి ఇప్పటికీ చల్లగానే ఉంటుంది.