అత్తగారు తీసుకున్న కాపలాదారు

అత్తగారు ఉద్యోగంలోంచి రిటైరయ్యారు గానీ, ఇంటర్వ్యూలు చేయడం మాత్రం మానలేదు. కుళాయి బాగుచేసేవాడైనా, కొత్త మిక్సీ అయినా సరే, హాల్లో కుర్చీ ఎక్కి ఆవిడ ప్రశ్నలు దాటితేనే లోపలికి ప్రవేశం. ఇంటర్వ్యూ లేకుండా ఆ ఇంట్లోకి వచ్చింది అల్లుడొక్కడే. కూతురు తనంతట తానే ఎంచుకుని తీసుకొచ్చింది. ఆ సంగతి ఆవిడకి ఇప్పటికీ మింగుడుపడలేదు.

ఉద్యోగం పోయి ఇంట్లో ఉంటున్న ఆ అల్లుడు, ఆవిడ మెప్పు పొందాలని, అటక మీది పాత కంప్యూటర్ దించి ఫైర్‌వాల్ చేయబోయాడు. ఇంటర్నెట్‌కీ ఇంటికీ మధ్య నిలబడి, వచ్చేపోయే ప్రతిదాన్నీ ఆపి చూసే కాపలా అన్నమాట. దానికొక ఆపరేటింగ్ సిస్టమ్ కావాలి. మూడు దొరికాయని చెప్పాడు.

"కుర్చీ వేయండి," అన్నారు అత్తగారు.

కంప్యూటర్‌ని కుర్చీలో కూర్చోబెట్టారు. ఇంటర్వ్యూ బోర్డులో రెండో సభ్యుడు మామగారు. ఆవిడ నిర్ణయం చెప్పాక తలూపడం ఆయన పని.

మొదటి సిస్టమ్ తెర నిండా రంగురంగుల బొమ్మలు చూపించింది. "గుమ్మంలో నిలబడేవాడికి ఇంత ముస్తాబెందుకు?" అన్నారావిడ. మామగారు తలూపారు. రెండోది కాపలాతో పాటు సినిమాలు దాస్తుంది, ప్రింటర్ నడుపుతుంది. "అన్నీ వచ్చన్నవాణ్ణి నా సర్వీసులో ఎప్పుడూ తీసుకోలేదు." మూడోది నల్లటి తెర, నాలుగు తెల్లక్షరాలు, అంతే.

"ఇదేం చేస్తుంది?"

"మీరు చెప్పేదాకా ఎవర్నీ దాటనివ్వదండీ."

అత్తగారి మొహం చేటంత అయింది. అక్కడికక్కడే ఉద్యోగమిచ్చి, పాస్‌వర్డ్ తనే పెట్టుకున్నారు. సంబరంలో ఎవరూ దాన్ని పరీక్షించలేదు.

మర్నాడు అల్లుడికి ఆన్‌లైన్‌లో ఇంటర్వ్యూ. నెలల తరబడి కాళ్ళరిగేలా తిరిగాక దొరికిన ఒకే ఒక్క పిలుపు. టై కట్టుకుని లాప్‌టాప్ తెరిస్తే ఏదీ రాదు. ఇక పావుగంటే ఉంది. కంగారుగా ఫైర్‌వాల్ తీగ పీకబోయాడు.

"నేను తీసుకున్న ఉద్యోగి మీద చెయ్యి వేయకండి," అన్నారు అత్తగారు. "మీకు దారి కావాలంటే కూర్చోండి."

చేసేది లేక కుర్చీలో కూర్చున్నాడు.

"మీకేం వచ్చు?"

అన్నీ వచ్చనబోయి, రెండో సిస్టమ్ గతి గుర్తొచ్చి ఆగాడు. "మామయ్యగారికి మాత్రలు గుర్తుచేయడం వచ్చు. మీరు కోప్పడితే ఊరుకోవడం వచ్చు."

"పాత ఉద్యోగం ఎందుకు పోయింది?"

ఇన్నాళ్ళూ ఆ ఇంట్లో ఎవరూ అడగని ప్రశ్న అది. "నేను చేసే పని ఇక అక్కర్లేదన్నారండీ."

అత్తగారు ఇంకా నోరు విప్పనేలేదు, మామగారు తలూపేశారు. ఆయన సర్వీసులో అలా జరగడం అదే మొదలు. ఆవిడ ఆయన వంక ఒకసారి చూసి, లేచి వెళ్ళి, ఒంటివేలితో పాస్‌వర్డ్ కొట్టారు. దారి వదలమని కాపలాకిచ్చే ఆజ్ఞ కూడా, అల్లుడు చెబుతుంటే, తనే టైపు చేశారు. దారి తెరుచుకుంది.

తెర మీద కంపెనీవాళ్ళు కనబడగానే అల్లుడు టై సర్దుకున్నాడు. అత్తగారు తన కుర్చీ అతని పక్కకి జరుపుకుని, వాళ్ళకి అవకాశమివ్వకుండా తనే మొదలుపెట్టారు.

"మా అబ్బాయి మీ దగ్గర ఎందుకు చేరాలో ముందు మీరు చెప్పండి."