లారీ బ్యాటరీ

తాళం తిప్పాలంటేనే పికప్ డ్రైవరుకి గుండె దడదడలాడేది. ఒక్కోసారి బండి లేచేది, ఒక్కోసారి 'టక్'మని ఊరుకునేది. అందుకే ఎక్కడికి వెళ్ళినా ఏటవాలు చూసుకుని ఆపేవాడు, దొర్లించి స్టార్ట్ చేసుకోవచ్చని. కానీ ఇంటిముందు వీధి పలకలా చదును. భార్యకేమో నెలలు నిండాయి.

పోయిన కాన్పప్పుడూ ఇదే బండి, ఇదే వీధి. పక్కింటివాళ్ళు వచ్చి తోసేసరికి ఆలస్యమైపోయింది, బిడ్డ దక్కలేదు. ఆ మాట ఇంట్లో ఎవరూ ఎత్తరు. ఎత్తకపోతేనేం, ఆ 'టక్' అతని చెవిలో మోగుతూనే ఉంటుంది.

ఇక లాభం లేదని బ్యాటరీ కొట్టుకి పరిగెత్తాడు. కొట్టాయన పాతదాన్ని కొలిచి, అదే సైజు కొత్తది బల్లమీద పెట్టాడు.

"ఇంతేనా? ఇంకా పెద్దది లేదా?"

"ఉంది, లారీలకి వేసేది. నీకెందుకయ్యా? ఎత్తెక్కువ, నీ బండిలో పట్టీ కూడా బిగియదు."

"పెద్దదైతే మొరాయించదు కదా?"

"ఇదీ మొరాయించదు. నా మాట విను."

వింటేగా! భయం పట్టినవాడికి చెవులెక్కడ పనిచేస్తాయి? పెద్దదే మోసుకొచ్చాడు. పట్టీ అందకపోతే పాత ట్యూబుముక్కతో కట్టాడు. బానెట్ పడకపోతే రెండు చేతులా అదిమాడు. ఎలాగో పడింది. తాళం తిప్పగానే బండి ఒక్క పెట్టున లేచింది.

"చూశావా!" అన్నాడు భార్యతో, మీసం మెలెయ్యడం ఒక్కటే తక్కువ.

నొప్పులు మధ్యాహ్నం మొదలయ్యాయి. బండి లేచింది, వీధి దాటింది. పెద్ద రోడ్డుమీద స్పీడ్ బ్రేకర్ చూసుకోలేదు. బండి ఎగిరింది, లోపల బ్యాటరీ కూడా ఎగిరి, దాని మొనలు బానెట్ రేకుకి తగిలి షార్టయింది. ఫట్‌మని చప్పుడు, రబ్బరు కాలిన కంపు, సందుల్లోంచి నల్లటి పొగ.

"దిగు, దిగు!" అని అరిచాడు, బండిని పక్కకి లాగి.

"నావల్ల కాదండీ," అంది ఆమె పళ్ళు బిగబట్టి.

అతనికి పైప్రాణాలు పైనే పోయాయి. పోయినసారి బండి ముంచింది, ఈసారి నా చేత్తో నేనే ముంచానా దేవుడా అనుకుంటూ కిందికి దూకి బానెట్ ఎత్తాడు. చొక్కా విప్పి మంటమీద బాదాడు. స్పానర్ రెండుసార్లు జారింది. ఎలాగో వైర్లు ఊడదీసి, ఆ దెయ్యాన్ని ఎత్తి రోడ్డు పక్కన పడేశాడు.

అప్పుడు వినబడింది, ఇంజను ఇంకా తిరుగుతూనే ఉంది. పాతకాలపు డీజిల్ బండి, లేచేవరకే దానికి బ్యాటరీతో పని. ఆ సంగతి అతనికి తెలియనిదేం కాదు, భయంలో బుర్ర పనిచేస్తేగా.

"ఆగిందా?" అంది ఆమె.

"లేదు."

"అయితే ఆగనివ్వకండి."

ఇక ప్రతి మలుపులోనూ ప్రాణాలు అరచేతిలో పెట్టుకునే నడిపాడు. ఎక్కడ ఆగిపోతే అక్కడితో సరి. ఆసుపత్రి మెట్లదాకా బండి ఆగలేదు. ఆయా చక్రాల కుర్చీ తెచ్చింది.

"ఇంజను ఆపవయ్యా, పొగంతా లోపలికే!"

అతను కదల్లేదు. "ఆపితే మళ్ళీ లేవదు," అన్నాడు చిన్నపిల్లాడిలా.

కుర్చీలోంచి భార్య అతని చెయ్యి పట్టుకుంది. "లేవకపోతే పోనీండి. వచ్చేశాంగా."

ఆపాడు. లోపల తలుపు మూశారు. బిడ్డ ఏడుపు వినబడేదాకా అతను కూర్చోలేకపోయాడు. వినబడ్డాక నిలబడలేకపోయాడు.