చెవి వదిలిన కుట్టు

దారానికి మైనం రుద్దుతూనే యేసన్న తలెత్తి చూశాడు. పొద్దున ఎనిమిది కాలేదు, మార్చురీ ముందు అప్పుడే మూడో అంబులెన్సు ఆగింది. ఈ దారంతో పని లేదని అతనికి తెలుసు. కరోనా రెండోసారి విరుచుకుపడి నెలన్నర అయింది. పోస్టుమార్టాలు ఆపేసి, వచ్చినవాళ్లను వచ్చినట్టే సంచిలో పెట్టి జిప్పు లాగమన్నారు. అయినా చేతులు ఊరుకోవు.

యాభై నాలుగేళ్ల మనిషి. బక్కపలచని ఒళ్లు, దబ్బనం పట్టి పట్టి పక్కకు వంగిపోయిన చూపుడువేలు. పెళ్లయిన కొత్తలో అనంతపురంలో శెనక్కాయల బస్తాలకు మూతులు కుట్టేవాడు. వానలు లేక, కాయలు రాక మిల్లులు ఒకటొకటే మూతపడితే, ఎవరో "కుట్టేది వచ్చు గదా, రాప్పా" అని ఈ గదిలోకి పిలిచారు. కాంట్రాక్టు మీదనే పంతొమ్మిదేళ్లు గడిచిపోయాయి. డాక్టర్లు కిటికీ దగ్గర నిలబడేవారు, అతను కోసేవాడు. అతను చూసి చెప్పింది వాళ్లు రాసుకునేవారు. సంతకం వాళ్లది, కంపు అతనిది.

ఈ సీమలో శవాన్ని కూర్చోబెట్టి సాగనంపే ఇళ్లు చాలా ఉన్నాయి. వాళ్ల మనిషైతే రెండు వరసలు బిగించి కుట్టేవాడు. నలుగురి నడుమ కూర్చున్నవాడికి కుట్టు ఊడితే ఆ పరువు మళ్లీ ఎవరు తెచ్చిస్తారు?

డాక్టరుకు రోజుకో కొత్త తెల్ల డ్రెస్సు, కళ్లద్దాలు, రెండు జతల గ్లౌజులు. యేసన్నకు నిన్న ఉతికి గోడ మీద ఆరేసిందే ఈరోజూ. ఇంట్లో బాలింత కూతురు సువర్ణ ఉంది. అన్నం గిన్నె గడప బయట పెట్టి, మూడు నెలల పాపను లోపలి నుంచే ఎత్తి చూపించేది. "ఇంక చాలు నాయనా, దూరం పో" అనేది. తప్పేముంది? కన్నతల్లికి ఆ మాత్రం భయం ఉండదా? మనవరాలి పాదాలు అతను ఇంతవరకూ ముట్టుకోలేదు.

ఆ మూడో అంబులెన్సులో శవమై వచ్చినవాడు ఆనంద్. కంబదూరు పక్క పల్లె, ఇరవై ఏడేళ్ల కాంట్రాక్టు లైన్‌మన్. వెనకే తండ్రి హనుమంతప్ప వచ్చాడు, చంకలో చెక్కపీటతో.

"స్తంభం మీద నుంచి పడినాడప్పా" అన్నాడు హనుమంతప్ప. "లైను ఆపినామని చెప్పి ఎక్కించినారు. యాడ ఆపినారు? ఇప్పుడు ముక్కులో పుల్ల పెట్టి చూసి, నీ కొడుకుది కరోనా అంటాండారు."

"పీట ఎందుకు తెచ్చినావు పెద్దాయనా?"

"వాన్ని కూర్చోబెట్టల్ల గదా."

సంచితోనే కాల్చేస్తారని, పీటతో పని లేదని ఎలా చెప్పడం? యేసన్న లోపలికి నడిచాడు.

డాక్టరు నరేంద్ర గుమ్మానికి పది అడుగుల దూరంలోనే ఆగాడు. చేతిలో కాగితం అప్పటికే సగం నిండి ఉంది.

"పాజిటివ్ వచ్చింది. కోసేది లేదు. కరోనా అని రాసి పంపిద్దాం."

"కోయొద్దన్నారు సార్. చూడొద్దన్లేదు గదా. ఆ చెయ్యి ఒక్కటి చూడు."

"నువ్వేమన్నా డాక్టరువా యేసన్నా?"

"ఇన్నేండ్లూ నేను చూస్తే మీరు రాసినారు. ఈ దినమూ నేనే చూస్తా, నువ్వు రాయి."

"నాకూ ఇంట్లో పసిపిల్లలు ఉన్నారయ్యా" అనేసి నరేంద్ర వెనుదిరిగాడు.

ఉంటారు. అందరికీ ఉంటారు. స్తంభం ఎక్కినవాడికీ ఉన్నారు.

యేసన్న సంచి తెరుద్దామని జిప్పు లాగాడు. అది సగానికి వచ్చి తెగిపోయింది. ఆనంద్ కుడి అరచేతిలో శెనగగింజ పట్టేంత గుంత, నడుమ మసి, చుట్టూ తెల్లగా బిరుసెక్కిన అంచు. ఎడమ మడమ కింద అలాంటిదే ఇంకొకటి. కరెంటు దూరిన దారీ, బయటికి పోయిన దారీ. కోయనక్కర్లేదు, కళ్లుంటే చాలు. మూట కట్టేస్తే సాయంత్రానికి ఆ గుంత బూడిదవుతుంది. లైను ఆపనివాడు ఇంటికి పోయి కడుపునిండా అన్నం తింటాడు.

దబ్బనం తీశాడు. గ్లౌజులో వేళ్లు జారుతుంటే దాన్ని పీకి పారేశాడు. తెగిన సంచి మూతిని బస్తా కుట్టినట్టే కుట్టుకొచ్చాడు. బస్తాకు మూలన పట్టుకోవడానికి చెవి వదులుతారు. యేసన్న అక్కడ ఆనంద్ కుడిచేతిని బయటికి వదిలి, మణికట్టు చుట్టూ బిగించి ముడి వేశాడు.

శవాన్ని అప్పగించడానికి వచ్చిన హెడ్ కానిస్టేబుల్ పుల్లన్న అదిరిపడ్డాడు. "ఏమప్పా ఇది? చెయ్యి లోపలికి తొయ్యి."

"చెవి ఇడవకుంటే బస్తా ఎట్లా మోస్తారన్నా? పట్టుకో."

పుల్లన్న పట్టుకోలేదు. చూశాడు. సంచిని బయటికి తెచ్చాక గేటు దగ్గరున్న జనమూ చూశారు, ఫోన్లు తీశారు. కొడుకును కూర్చోబెట్టే వీలు లేక హనుమంతప్ప ఆ పీట మీద తానే కూలబడి, ఆ చేతిని ఒళ్లోకి తీసుకున్నాడు. అంతమంది చూశాక పంచనామాలో కాలిన గాయాలు రాయక పుల్లన్నకు తప్పలేదు. పంచనామా ముందు పెట్టాక డాక్టరుకూ తప్పలేదు. కాగితంలో కరోనా పక్కన కరెంటు చేరింది.

సాయంత్రం యేసన్న వేపాకు నీళ్లు పోసుకుని గడప బయట నిలబడ్డాడు. సువర్ణ ఆ పూట పాపను కాస్త ఎక్కువసేపే చూపించింది.

ఆ తర్వాత జ్వరం, ఆయాసం పట్టుకుని పన్నెండో రోజున యేసన్న పోయాడు. ఆసుపత్రిలో మంచం దొరకలేదు. ముక్కులో పెట్టే ఆ పుల్ల కూడా అందలేదు. పరీక్ష లేనిదే కరోనా అని ఎలా రాస్తామన్నారు. గుండె ఆగి చనిపోయాడని రాశారు.

"గుండె ఆగకుండా ఎవరు పోతారు సార్?" అని సువర్ణ అడిగింది. కాగితం ఇచ్చినవాడు తరవాతి మనిషిని పిలిచాడు.

మార్చురీ నుంచి అతని వస్తువులు ఒక కవర్లో వచ్చాయి. ఉతికిన డ్రెస్సును సువర్ణ పెరట్లో కాల్చేసింది. దబ్బనాన్ని మాత్రం సబ్బునీళ్లతో మూడుసార్లు కడిగి, పాపకు ఎప్పటికీ అందనంత ఎత్తున చూరులో గుచ్చింది. దాని బెజ్జంలో జానెడు దారం ఇంకా వేలాడుతూ ఉంది, మైనం రుద్ది, కుట్టడానికి సిద్ధంగా.