చెరువుకు ఇవతల

తెల్లవారేసరికి మబ్బులు బాగా కిందికి దిగి, పిండకుండా ఆరేసిన దుప్పట్లలా వేలాడుతున్నాయి. వానకు మాత్రం తొందరేమీ ఉన్నట్టు లేదు. గోల్ఫ్ మైదానం అంచున అతను చిటికెడు గడ్డి తుంచి గాలిలో వదిలి, ఎటు పోయిందో చూశాడు. నేలలో చిన్న మేకు గుచ్చి, దాని మీద బంతి నిలబెట్టి, అలవాటుగా పక్కకు తప్పుకుని నిలబడ్డాడు.

ఎవరూ రాలేదు.

"ఎవరి కోసమయ్యా చూస్తున్నావు? కొట్టాల్సింది నువ్వేగా," అంది భార్య.

అతను నాలుక కరుచుకున్నాడు. వయసంతా ఆటగాళ్ళ సంచులు మోస్తూ, ఏ కర్రతో ఎటు కొట్టాలో చెబుతూ గడిపిన క్యాడీ. ఎవరు ఆవేశంగా కర్ర ఎత్తినా "నిదానం సార్" అంటాడని తోటివాళ్ళు అతనికి 'నిదానం' అనే పేరు ఖాయం చేశారు. క్లబ్బు మూసి ఉండే రోజున పనివాళ్ళు ఆడుకోవచ్చు, అదీ గడ్డి కోసే బండి వచ్చేదాకా. బండి వచ్చేసరికి అతనెప్పుడూ సగం దారిలోనే ఉండేవాడు. మొదటి జెండా నుంచి చివరి జెండా దాకా, ఒక్కో జెండా కింది గుంతలో బంతి వేసుకుంటూ, తన బంతితో ఒక్కసారి కూడా ఆట ముగించలేదు. రేపు గుండె ఆపరేషన్‌కు ఆసుపత్రిలో చేరాలి. ఆ తరవాత ఈ కర్రలు ముట్టుకోకూడదని డాక్టరు తేల్చి చెప్పాడు. ఇవాళ కూడా నడవొద్దన్నాడు. సంచి భార్య భుజాన ఉంది. మైదానంలో దొరికిన బంతులన్నీ క్లబ్బుకే అప్పగించిన మనిషి కనక, తనదంటూ ఉన్నది ఒక్క బంతే. అది పోతే ఆటా పోయినట్టే.

గడ్డి కోసే బండి నడిపేది అతని బావమరిది. "నువ్వు ముగించేదాకా చివరి జెండా వైపు బండి తిప్పను బావా. కాకపోతే ఆ పెళ్ళినడక కాస్త మానుకో," అన్నాడు పొద్దున్నే.

"దారి వెడల్పు చూసి మోసపోకండి సార్. చిన్న కర్ర చాలు," అన్నాడతను పైకే.

"ఎవర్ని సార్ అంటున్నావు?"

"నన్నే. అలా అనకపోతే నా మాట నేనే వినను."

"ఈ కిటుకు ముందే చెప్పుంటే నేనూ సార్ అనేదాన్నిగా. ఇంట్లో పనులన్నీ అయ్యేవి."

ఆమె క్లబ్బు తువ్వాళ్ళు ఉతుకుతుంది. తువ్వాలుకు అంటిన మట్టిని చూసి, దొరగారు ఏ ఇసుకగుంటలో దిగబడ్డారో చెప్పగలదు. ఆట మాత్రం ఆమెకెప్పుడూ ఎక్కలేదు. కొట్టడం, కొట్టినదాన్నే వెతుక్కోవడం, ఇదీ ఒక ఆటేనా అనేది.

మూడో జెండాకు దారి చెట్లగుంపును చుట్టి ఎడమకు తిరుగుతుంది. చెట్ల మీదుగా కొడితే దగ్గర. ఆ ఆశకు పోయి బంతులు పోగొట్టుకున్నవాళ్ళను ఎందరినో చూశాడు. మలుపు బయటి అంచుకే కొట్టాడు. దెబ్బ ఒకటి ఎక్కువైంది గానీ బంతి మిగిలింది. ఏడో జెండా ఇసుకగుంటను ఆనుకుని ఊరిస్తోంది. "జెండాను చూడకండి సార్, పచ్చిక నడిమికి చూడండి," అని చెప్పుకుని నడిమికే పంపాడు. ఒకచోట బంతి ఇసుకలో పడింది. దాన్ని బయటికి కొట్టాక, వెనక్కి వెళ్ళి తన అడుగులన్నీ సాపుగా చదును చేసి గానీ కదల్లేదు.

పన్నెండో జెండాకు గట్టు ఎక్కాలి. సగంలో ఆగిపోయాడు. పెదవులు నల్లబడ్డాయి.

"చాల్లే, పోదాం పద," అంది భార్య.

"ఇంకా ఉంది."

"డాక్టరు ఏమన్నాడు?"

"ఆయన ఆడడుగా."

ఆమె సంచి రెండో భుజానికి మార్చుకుని, చెయ్యి అందించింది.

చివరి జెండా ముందు చెరువు అడ్డం. అవతల పనివాళ్ళ షెడ్డు దగ్గర క్యాడీలు మూగారు.

"నిదానం! అందరినీ ఇవతలే ఆపించావు, ఇవాళైనా దాటించవయ్యా!"

"చెరువులో చేపలు నీకేమన్నా చుట్టాలా, అంత భయం!"

"ఇంతదూరం వచ్చావు, కొట్టెయ్యరాదూ," అంది భార్య కూడా.

అతను పొడుగు కర్ర తీశాడు. నీళ్ళకేసి చాలాసేపు చూశాడు. మళ్ళీ సంచిలో పెట్టేశాడు.

"చెరువుకు ఇవతల ఆపుకోండి సార్. తరవాత ఎడమగట్టు మీదుగా పోదాం."

బంతి దొర్లుకుంటూ వెళ్ళి, ఇన్నేళ్ళూ అతను అందరికీ వేలు చూపించిన చోటే, నీళ్ళకు ఇవతల ఆగింది. షెడ్డు దగ్గర ఉసూరుమన్నారు. అతను మాత్రం నవ్వాడు.

బంతి దగ్గరకు చేరి, పక్కనున్న ఎండుటాకు తీసేసి, "ఒక్క నిమిషం," అంటూ గడ్డిలో కూర్చున్నాడు. ఆమె సంచి దించి ఆనుకుని కూర్చుంది.

"ఎడమగట్టేనా?"

తల ఊపాడు.

గాలికి నీళ్ళ మీద సన్నటి మడతలు లేచి అణిగాయి. "ఏ కర్ర తియ్యమంటావు?" అని అడిగింది. అతని తల ఆమె భుజం మీదికి మెల్లగా వాలింది. ఆమె ఇంకోసారి అడిగింది.

అతన్ని సాగనంపిన నాటి నుంచీ వానలకు మూసి ఉన్న క్లబ్బు మళ్ళీ తెరిచే ముందురోజు ఆమె పనిలోకి వచ్చింది. మధ్యాహ్నం తమ్ముడు షెడ్డు గుమ్మంలో నిలబడ్డాడు.

"అక్కా, చెరువు దగ్గర గడ్డి కొయ్యాలి. బంతి తీసి ఇవ్వనా?"

"ముట్టుకోకురా. అది ఇంకా ఆటలో ఉంది."

తమ్ముడు బండెక్కి వెళ్ళాడు. చాలాసేపటికి వచ్చి, చేతులు కడుక్కుని, క్యాడీల మధ్య చోటు చేసుకుని కూర్చున్నాడు. ఆమె తన డబ్బా విప్పి అందరి ముందుకూ జరిపింది. డబ్బాలు చేతులు మారాయి, అందరూ తిన్నారు. బయట చెరువు చుట్టూ గడ్డి నున్నగా కోసి ఉంది. నీళ్ళకు అతను 'ఇవతల' అన్న వైపు ఒక్కచోట మాత్రం అరచేతంత మేర ఏపుగా నిలిచిన గడ్డి, దాని నడుమ తెల్లటి బంతి.