కూతురి దొంతర

పైపు మామ అప్పటికే రెండో వరసకు నీళ్లు కొడుతున్నాడు. యార్డులో అందరూ పిలిచే పేరది. రబ్బరు పైపు మూతికి బొటనవేలు అడ్డుపెడితే నీళ్లు విచ్చుకుని బూడిద ఇటుకల మీద పడతాయి. ఏళ్ల తరబడి అదే చోట నొక్కీ నొక్కీ పైపు అంచు వేలి వెడల్పున అరిగిపోయింది. వేలు మాత్రం కాయ కాసింది.

అవతల కరెంటు స్టేషన్‌లో బొగ్గు మండగా మిగిలిన బూడిద ఇక్కడికి వస్తుంది. దానికి సున్నం, ఇసుక కలిపి అచ్చులో నొక్కి ఇటుకలు చేస్తారు. వీటిని కాల్చరు, తడుపుతారు. రోజుల తరబడి తడి ఆరకుండా చూస్తేనే గట్టిపడతాయి. ఈ సంగతి మామకు తన వంటింటి గోడ నేర్పింది. అప్పట్లో తొందరపడి, తడుపు సరిపోని ఇటుకలు పట్టుకుపోయి కట్టించాడు. ఇప్పటికీ భార్య వంట చేస్తూ గరిటెతో గోడ తట్టి, రాలిన పొడి చూపించి, "మీ పనితనం కూరలో వెయ్యనా?" అని అడుగుతుంది.

ఆ గోడ కట్టినప్పటినుంచి అతడికి కుదురు లేదు. అన్నం ముందు నుంచి లేచి వచ్చి మరీ తడుపుతాడు. యార్డులో అతడు కూర్చోగా చూసినవాళ్లు లేరు.

మూలనున్న దొంతర కూతురి గది కోసం పక్కన పెట్టించినది. ఉన్న ఒక్క గదిలో అమ్మానాన్నల మంచాల మధ్య కుట్టుమిషను ఇరికించుకుని ఆమె బట్టలు కుడుతోంది. ఆ ఇటుకలు ఎప్పుడో తయారయ్యాయని యజమాని చెప్పాడు, లారీ డ్రైవరూ చెప్పాడు. మామ మాత్రం ఇంకో రెండ్రోజులంటూ తడుపుతూనే ఉన్నాడు. మేస్త్రీకి విసుగెత్తి, రేపు పని మొదలుకాకపోతే వేరే ఇల్లు ఒప్పుకుంటానని చెప్పేశాడు.

పొద్దుటినుంచి మామకు ఛాతీలో మంట. తప్పంతా టీ మీదికి నెట్టి, పైపు ఈడ్చుకుంటూ కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. మిగతా వరసలకు ఒక్కసారి, మూల దొంతరకు మళ్లీ మళ్లీ.

మధ్యాహ్నం దాటాక కూతురు వచ్చింది. కాసేపు చూసి, "నాన్నా, ఇవి నా గోడలా, నీ పూలమొక్కలా?" అంది.

మామకు నవ్వొచ్చింది, భయమూ వేసింది. "మీ అమ్మ అంటే పడతాను. నువ్వంటే తట్టుకోలేనమ్మా."

"నేనేమీ అనను. నాకు గది కావాలి, అంతే."

ఆమె రెండు ఇటుకలు తీసి ఒకదానికొకటి కొట్టింది. ఖంగుమన్నాయి. మామ అంచు మీద వేలు రాసి చూసుకున్నాడు. పొడి అంటలేదు. మిగతా ఇటుకలను రోజూ ఇలాగే కొట్టి చూసేవాడు. ఈ దొంతర దగ్గరే చెయ్యి రాలేదు.

"రేపు పొద్దున్నే తీసుకెళ్లండి," అన్నాడు.

కూతురు మేస్త్రీకి చెప్పడానికి పరుగులాంటి నడకతో వెళ్లింది. ఆమె గేటు దాటేదాకా చూసి, మామ ఆ దొంతరకే వీపు ఆనించి కింద కూర్చున్నాడు. అటుగా వచ్చిన లోడింగువాళ్లు ఆ వింత చూసి, లేపితే మళ్లీ పైపు పట్టుకుంటాడని నవ్వుకుంటూ వెళ్లిపోయారు. సాయంత్రం లేపబోతే లేవలేదు.

అతణ్ణి మోసుకెళ్లే హడావిడిలో కొళాయి కట్టాలని ఎవరికీ తోచలేదు. నేల మీద పడి ఉన్న పైపు, అరిగిన అంచులోంచి నీళ్లు ఒక పక్కకు ఒలకబోస్తూ, కూతురి ఇటుకల అడుగు వరసను తడుపుతూనే ఉంది.