జమీలా డ్యూటీ

"తలుపు కాడ్నే నిలబడు. నీళ్ళు పోసుకోని లోపలికి రా" అన్నాడు మొగుడు ఖాసీం, టీవీ మీంచి చూపు తిప్పకుండానే.

జమీలా గడప బయటే ఆగిపోయింది. ఖతార్‌లోని అల్ రయ్యాన్‌లో ఒక పెద్ద విల్లా వెనక, పనివాళ్ళ కోసం కట్టిన రెండు గదుల్లో ఒకటి వాళ్ళది. ఆమె మారుబట్టలు ఖాసీమే పొద్దున్నే బయట తాడు మీద వేసి పెట్టేవాడు, వచ్చీ రాగానే అలమర ముట్టుకోకుండా. ఇంటి పనుల్లో అతను ఏ రోజూ మరిచిపోని పని అదొక్కటే. ఆమె ఫినాయిల్ వాసనా, కుక్కల వాసనా పోయేదాకా ఒళ్ళు రుద్దుకుని, తడి తలతోనే పొయ్యి దగ్గరికి వెళ్ళేది. శుక్రవారమైతే ఖాసీం చిన్నాయన కొడుకు ఇమామ్ కూడా భోజనానికి వచ్చేవాడు. ముషైరిబ్ బజారులో టైలరు పని అతనిది. రెండోసారి బిరియాని పెట్టించుకుంటూ, "వదినా, కుక్కలకు గిన్నెలు పెట్టే చెయ్యే గదా ఇది?" అని నవ్వేవాడు. ఖాసీం కూడా నవ్వేవాడు. వాళ్ళు తిని లేచాక ఆ చెయ్యే కంచాలు తీసేది.

కుక్క తాకితే నమాజుకు పనికిరామన్న మాటను జమీలా ఏనాడూ కాదనలేదు. నమాజు ఆమెకూ ఉంది. కడుక్కోవడం ఆమెకూ తెలుసు. నమాజు అయిపోయాక కూడా ఆ మాట గదిలో అలాగే ఎందుకు ఉండిపోతుందో, అదే అర్థమయ్యేది కాదు. ఊరినుంచి అత్త హసీనా ఉత్తరాలకు బదులు క్యాసెట్టులో మాటలు పట్టించి పంపేది. రాయచోటి దగ్గరి ఆ పల్లెలో అందరికీ ఖతార్ అయినా, ఇంకేదయినా కువైటే. "నా కోడలు కువైట్‌లో కుక్కల కాడ చేస్తాందంట గదా నాయనా, ఊరంతా నగుతాండారు. ఇంగ దానికి కడుపు యాడ పండుతాది?" అని క్యాసెట్టులో గొంతు సాగేది. ఖాసీం దాన్ని రెండుసార్లు పెట్టి వినేవాడు. జమీలా వంకాయలు తరుగుతూ వినేది.

కుక్కల పని ఆమె వెతుక్కున్నది కాదు. తొంభై ఒకటిలో ఖాసీం డ్రైవరుగా ఉన్న ఈ విల్లాలోనే వంటమనిషిగా వచ్చింది. యజమానిని బాబా అనీ, యజమానురాలిని మామా అనీ పిలవాలని ఖాసీమే నేర్పాడు. మూడేళ్ళకు పిల్లలు పెద్దవాళ్ళయి చదువులకు వెళ్ళిపోయారు. వంటకు ఫిలిప్పీన్స్ నుంచి ఇంకొకామె వచ్చింది. బాబా తనకు తెలిసిన వాళ్ళతో మాట్లాడి, ఊరి చివర వీధి జంతువులను పట్టి ఉంచే షెల్టరులో జమీలాకు సఫాయి పని ఇప్పించాడు. వీసా కాగితాలు మాత్రం బాబా పేరు మీదే ఉన్నాయి.

పొద్దున ఆరింటికి డ్యూటీ. వరసగా ఇనుప జాలీ గదులు. గొట్టంతో నేల కడగాలి, గిన్నెలు తోమాలి, గజ్జి పట్టిన వాటికి మందు పూయాలి. ఇవి అయ్యాక, కాగితంలో ఎక్కడా రాయని పని ఇంకొకటి ఉండేది. కుక్కలు పట్టడానికి పోయే మగవాళ్ళు నలుగురికీ, వాళ్ళ మీద సూపర్‌వైజరు ఇక్రాముద్దీన్‌కూ చాయ్ పెట్టి, కప్పులు కడిగి బోర్లించాలి. అది నీ పని అని ఎవరూ చెప్పలేదు. మొదటి రోజు ఇక్రాముద్దీన్ కప్పు ముందుకు జరిపాడు, ఆమె తీసుకుంది. అంతే, రెండేళ్ళుగా తీసుకుంటూనే ఉంది.

ఆమెలోని ఇంకో సంగతిని మొదట గమనించింది డాక్టర్ అక్తరున్నీసా. హైదరాబాదు ఆమె, పశువుల డాక్టరు. అందరినీ చూసి పళ్ళు బయటపెట్టే ఒక నల్ల కుక్క, జమీలా దాని జాలీ గదిలోకి పోతే పక్కకు జరిగి చోటు ఇవ్వడం చూసి, "ఎట్ల తెలుస్తది నీకు, అది కరుస్తదో లేదో?" అని అడిగింది.

జమీలా ఆలోచించింది. ఎట్లా తెలుసు? పుట్టింట్లో నాయన చెప్పులు విడిచే చప్పుడును బట్టి ఆ పూట అమ్మకు తిట్లు ఉన్నాయో లేదో తెలిసేది. అత్తగారింట్లో చెంబు కింద పెట్టిన తీరును బట్టి తెలిసేది. ఖాసీం తలుపు తీయడం, బాబా కారు హారను, మామా గాజుల చప్పుడు, అన్నిటినీ ముందే పసిగట్టి, ఎక్కడ నిలబడాలో, ఎప్పుడు మాట్లాడకూడదో చూసుకోవడంలోనే ముప్పై ఏళ్ళు గడిచాయి. అది తనకు వచ్చిన విద్య అని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. భయం అనుకుంది.

"చూస్తా డాక్టరమ్మా. అంతే" అంది.

"గదే పని. మేం కాలేజిల ఏండ్లు చదివి నేర్చుకునేది గదే" అంది డాక్టరు.

తొంభై ఆరు అక్టోబరులో ఒక పొద్దున ఆడపిల్లల బడి నుంచి ఫోను వచ్చింది. విరిగిన బెంచీలు పడేసే సామాన్ల గదిలో ఒక వీధికుక్క పిల్లలు పెట్టింది. దాన్ని తరమబోయిన ఆయాను కరిచింది. అంతకు ముందే దాగుడుమూతలు ఆడుతూ ఆరేళ్ళ పిల్ల ఒకతె బెంచీల వెనక నక్కి ఉంది. ఇప్పుడు పిల్ల లోపలి మూలన, కుక్క తలుపు దగ్గర. బయటికి వచ్చే దారి లేదు.

డాక్టరు జమీలానూ బండి ఎక్కించుకుంది. ఆడపిల్లల బడిలోకి మగవాళ్ళను రానివ్వరు గానీ పిల్ల కోసం ఆ రోజు రానిచ్చారు. ఇక్రాముద్దీన్ వెంట వచ్చిన ఇద్దరు మనుషులు చివర ఉచ్చు ఉన్న పొడుగు కర్రలతో తలుపు నెట్టారు. కుక్క ఒక్కసారిగా కర్ర మీదికి దూకింది. లోపల పిల్ల కెవ్వుమంది. ఆ అరుపుకు కుక్క గిర్రున పిల్ల వైపు తిరిగింది.

"ఆగుండ్రి! వెనక్కి రాండ్రి!" అని డాక్టరు కేకేసి, జమీలా వైపు తిరిగింది. "పోతవా?"

"డాక్టర్ సాబ్, ఆమె చాయ్ పెట్టే మనిషి" అన్నాడు ఇక్రాముద్దీన్.

"నిన్నడగలే."

జమీలా కర్ర తీసుకోలేదు. మెత్తటి తాడు ఒకటి చేతిలో చుట్టుకుని లోపలికి వెళ్ళి, తలుపు దగ్గరగా వేయించి, గోడకు ఆనుకుని నేల మీద కూర్చుంది. కుక్క కళ్ళలోకి చూడలేదు. పక్కకు తిరిగి తన మోకాళ్ళను చూసుకుంటూ కూర్చుంది. కుక్క గొంతులో గుర్రు ఆగలేదు. దాని పొట్ట కింద నాలుగు పిల్లలు పాల కోసం తడుముకుంటున్నాయి. ఇది కోపం కాదు, అనుకుంది జమీలా. ఎవరొచ్చి ఏం ఎత్తుకుపోతారోనని నిద్ర లేక అరిగిపోయిన ప్రాణం. దానికి తన భాషలోనే చెప్పింది. "నీ బిడ్డల్ని ఎవురూ ముట్టుకోరులే మే. నేనీడ్నే కూచుంటా. నాకేం తొందర లేదు." అదే గొంతుతో, వంటింట్లో నేర్చుకున్న అరబ్బీలో పిల్లకూ చెప్పింది. "మాఫీ ఖౌఫ్, హబీబ్తీ. భయం లేదు. ఏడవకు, కదలకు."

అరగంట గడిచింది. గుర్రు తగ్గింది. కుక్క చెవులు ముందుకు వచ్చాయి. కాసేపటికి ముందు కాళ్ళ మీద తల పెట్టుకుంది. అప్పుడు జమీలా, "ష్వయ్యా, ష్వయ్యా" అంటూ గోడ వెంబడి మెల్లగా రమ్మని వేలితో చూపించింది. పిల్ల ఒక్కొక్క అడుగే వేస్తూ, జమీలా ముందుకు జరిగితే ఆమె వీపు వెనకనుంచి జారి, తలుపు సందులోంచి బయటపడింది. జమీలా ఇంకో పావుగంట అక్కడే కూర్చుని, కుక్క తన చేయి వాసన చూసేదాకా ఆగి, మెడకు తాడు వేసింది. కుక్కపిల్లలను బుట్టలో పెట్టి దాని ముక్కు ముందే పట్టుకుంటే, అది బుట్ట వెంట బండిదాకా నడిచివచ్చింది.

గేటు దగ్గర ఆ పిల్ల తల్లి జమీలా చేయి రెండు చేతుల్లోకి తీసుకుని వదల్లేదు. ఆ చేయి దేన్ని తాకి వచ్చిందో ఆమెకు గుర్తే లేదు.

కరిచిన కుక్కను పది రోజులు విడిగా ఉంచి చూడాలి. దానికి జబ్బేమీ లేదని తేలింది. పదకొండో రోజు డాక్టరు జమీలాను కూర్చోబెట్టి చెప్పింది. కుక్కలు పట్టడానికి బడులకూ, ఆడవాళ్ళు ఉండే ఇళ్ళకూ వెళ్ళేందుకు ఒక లేడీ ఆఫీసరు కావాలని పైవాళ్ళు ఒప్పుకున్నారు. ఆ పని జమీలాకే. ఆర్నెల్లు ట్రైనింగు. వీసా షెల్టరు పేరుకు మారాలంటే ఇప్పటి యజమాని అభ్యంతరం లేదని ఉత్తరం ఇవ్వాలి.

ఆ రాత్రి అన్నం పెడుతూ చెప్పింది. ఖాసీం అన్నంలో కూర కలుపుకున్నాడు. "సరేలే, బాబాను అడుగుతా" అన్నాడు. వారం పోయాక అడిగితే, "బాబా ఒప్పుకోలే. మాఫీ, లేదు పో అన్నాడు" అని చెప్పాడు. జమీలా తల ఊపింది. మరునాడు ఇక్రాముద్దీన్ కప్పు ముందుకు జరిపితే తీసుకుంది.

నాలుగు రోజుల తర్వాత పెరట్లో బట్టలు ఆరేస్తుంటే మామా ఎదురైంది. "ఆ బడిలో పిల్లను బయటికి తెచ్చింది నువ్వేనట కదా! మా చెల్లెలి కూతురు అక్కడే చదువుతుంది. మాకు చెప్పనే లేదేం?"

జమీలా సిగ్గుపడింది. "బాబాకు కోపం వచ్చిందేమో అనుకున్నా మామా, ఉత్తరం అడిగినందుకు."

"ఏ ఉత్తరం? ఎవరూ ఏమీ అడగలేదే."

తడి దుప్పటి చేతిలోనే ఉండిపోయింది. ఆ సాయంత్రం ఖాసీం వచ్చేసరికి ఆమె టీవీ ఆపి కూర్చుని ఉంది.

"నువ్వు అడగనే లేదంట."

ఖాసీం చొక్కా గుండీలు విప్పుతూ ఆగాడు. "ఎవురు చెప్పినారు?"

"ఏంటికి అడగలేదు?"

"ఏమని అడగల్ల? నా పెండ్లాము కుక్కలు పడ్తాదని అడగల్లనా? ఇమామ్ ఏమంటాడు, ఊర్లో ఏమనుకుంటారు?" గొంతు పెరిగింది. అంతలోనే దిగిపోయింది. "నువ్వు ఆఫీసరు అయితే నేనేంది మే? పదేండ్లయినా బాబా కారు తలుపు తీసేవాణ్ణే గదా."

అంత నిజం అతని నోట ఆమె ఎప్పుడూ వినలేదు. జాలి వేసింది. మామూలుగా అయితే ఇక్కడే మెత్తబడేది, "వద్దులే, మానేస్తా" అనేది, చాయ్ పెట్టేది. ఆ మాట నాలుక దాకా వచ్చింది కూడా. దాన్ని అక్కడే ఆపి, జమీలా అతని మొహంలోకి సూటిగా చూసింది.

"నువ్వు తక్కువని నేనెప్పుడన్నా అన్న్యానా? అనలే. నువ్వు మాత్రం అబద్దం చెప్పినావు. రేపు నేనే అడుగుతా."

మరునాడు పొద్దున మామా వెంట వెళ్ళి బాబా ముందు నిలబడి అడిగింది. అరబ్బీ మాటలు రెండు చోట్ల తడబడ్డాయి. మూడో నిమిషానికి ఉత్తరం మీద సంతకం పడింది. ఆ రోజు కారులో బాబా వెనక సీట్లోంచి ఖాసీంతో, "మబ్రూక్! శుభాకాంక్షలు. నీ భార్య ధైర్యవంతురాలు" అన్నాడట. ఆ సంగతి ఖాసీం ఆమెకు చెప్పడానికి మూడు రోజులు పట్టింది. చెప్పినప్పుడు మాత్రం మాట మార్చకుండా, ఉన్నదున్నట్టే చెప్పాడు.

ట్రైనింగు మొదలైన మొదటి శుక్రవారం మధ్యాహ్నం జమీలా చాప మీద కూర్చుని, డాక్టరు ఇచ్చిన బొమ్మల పుస్తకం తిరగేస్తోంది. చెవులు వెనక్కి వంచిన కుక్క, తోక దించిన కుక్క. పక్కన రాసి ఉన్న ఇంగ్లీషు మాటలను కూడబలుక్కుంటూ పెదవులు కదుపుతోంది. ఇమామ్ వచ్చే వేళయింది. ఖాసీం వంటమూలలో నిలబడి ఒక డబ్బా మూత తీశాడు, వేశాడు. ఇంకోటి తీశాడు. కాసేపటికి ఇటు తిరిగాడు.

"మే, బియ్యం యాడుండాయి?"

ఐదేళ్ళుగా ఒకే గదిలో ఉంటున్న మనిషి. జమీలాకు నవ్వు వచ్చింది, ఆపుకుంది.

"కింద నీలం డబ్బాలో. మూడు గ్లాసులు కడుగు" అని చెప్పి, లేవకుండా పేజీ తిప్పింది.